లేబుల్ మీద అంకె, మీటర్ మీద అంకె

(పూర్వ విద్యార్థిని, ఎం.ఎస్సీ. ఫిజిక్స్)

“నువ్వే గద బిడ్డా సదివి చెప్పినవ్?”

2025 ఏప్రిల్ నెల కరెంటు బిల్లు నా చేతిలో పెట్టి మా అమ్మ అడిగిన మాట ఇది. కోపంగా అడగలేదు. దుకాణంలో నేను చదివి చెప్పిన దానికీ, ఇప్పుడొచ్చిన కాగితానికీ పొంతన ఎందుకు లేదో తెలుసుకుందామని అడిగింది. అందుకే ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది.

సంగతేమిటంటే, మార్చిలో అమ్మ మహిళా సంఘంలో అప్పు తీసుకుని ఒక చిన్న ఫ్రిజ్ కొన్నది. సింగిల్ డోర్‌ది, మూడు స్టార్లది. దుకాణానికి నన్ను వెంట తీసుకుపోయింది, ఎందుకంటే ఇంట్లో చదివేదాన్ని నేనే. తలుపు మీద అంటించిన లేబుల్‌లో “సంవత్సరానికి 185 యూనిట్లు” అని ఉంది. అక్కడే నిలబడి లెక్క చేశాను. 185ను 12తో భాగిస్తే నెలకు 15 యూనిట్ల చిల్లర. అంతకు ముందటి ఏడాది ఏప్రిల్‌లో, కూలరు నడిచినా, మా ఇంటి వాడకం 181. రెండూ కలిపితే 196. “200 దాటదు అమ్మా, తీసుకో” అన్నాను.

200 అన్న అంకె ఎందుకు ముఖ్యమో తెలంగాణలో ఉన్నవాళ్ళకు చెప్పనక్కరలేదు. 2024లో మొదలైన గృహజ్యోతి పథకంలో నెలకు 200 యూనిట్ల లోపు వాడుకున్న అర్హులకు బిల్లు సున్నా. 200 దాటితే దాటిన యూనిట్లకు మాత్రమే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. మాకు 207 వచ్చింది. ఏడు యూనిట్లకు వెయ్యి రూపాయలు పైన పడ్డాయి. మా నాయినకు రెండు రోజుల కూలి.

అయితే లేబుల్ అబద్ధం చెప్పిందా? నేను లెక్క తప్పానా? ఈ ప్రశ్న పట్టుకుని నేను చేసిన పనీ, తెలుసుకున్న విషయాలూ మన వార్షికోత్సవ సంచికలో రాస్తే చెల్లెళ్ళకు ఉపయోగపడతాయనిపించింది. ఫిజిక్స్ చదవనివాళ్ళు కూడా భయపడకండి. భాగహారం వస్తే చాలు.

ముందు ఆ లేబుల్ ఎవరిదో తెలియాలి. 2001లో కేంద్ర ప్రభుత్వం ఇంధన పొదుపు చట్టం చేసింది. దాని కింద 2002 మార్చిలో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడింది. అందరూ బీ.ఈ.ఈ. అంటారు. ఈ స్టార్ లేబుళ్ళు 2006లో మొదలయ్యాయి. మొదట్లో ఇష్టమైన కంపెనీలే అంటించుకునేవి. 2010 నుంచి ఏసీలు, ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లు, ట్యూబులైట్లు వంటి కొన్నింటికి తప్పనిసరి చేశారు. సీలింగ్ ఫ్యాన్లకు తప్పనిసరి అయింది మాత్రం 2023 జనవరి నుంచే. మన దేశంలో అందరి ఇళ్ళలో ఉండే వస్తువు ఫ్యాన్, ఏసీలు ఉన్న ఇళ్ళు కొన్నే. వరసలో ఫ్యాను చివర ఎందుకు నిలబడిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చాలామంది అనుకునేదేమిటంటే, ప్రభుత్వం వాళ్ళు ప్రతి ఫ్రిజ్‌నూ పరీక్షించి స్టార్లు ఇస్తారని. అలా కాదు. కంపెనీ తన మోడల్‌ను పరీక్ష చేయించి, ఆ రిపోర్టుతో దరఖాస్తు పెట్టుకుంటుంది. రిపోర్టులోని అంకెలను బట్టి స్టార్లు వస్తాయి. అంటే లేబుల్ మీద ఉన్నది మొదట కంపెనీ ఇచ్చిన మాట. ఆ మాట నిజమో కాదో చూసేది తర్వాతి దశలో. బీ.ఈ.ఈ. తరఫున బజారులో నుంచి కొన్ని నమూనాలు తీసుకుని గుర్తింపు పొందిన ల్యాబుల్లో పరీక్ష చేయిస్తారు. దీన్ని చెక్ టెస్టింగ్ అంటారు. మొదటి నమూనా తప్పితే రెండోసారి రెట్టింపు నమూనాలు తీసుకుని మళ్ళీ చూస్తారు. అప్పుడూ తప్పితే కంపెనీ లేబుల్‌ను సరిదిద్దుకోవాలి, లేదా సరుకు వెనక్కి తీసుకోవాలి. ఫలానా మోడల్ తప్పిందని జనానికి ప్రకటించే ఏర్పాటు కూడా నిబంధనల్లో ఉంది. 2010లో చట్టాన్ని సవరించి జరిమానాను పది వేల నుంచి పది లక్షల దాకా పెంచారు.

వినడానికి బాగానే ఉంది. కానీ బజారులో ఉన్న ప్రతి మోడల్‌నూ కొని పరీక్షించడం జరిగే పని కాదు కదా. కొన్నింటినే చూస్తారు. మిగిలినవి నమ్మకం మీద నడుస్తాయి. అందుకే మనింట్లో మనం ఎంతవరకు చూసుకోగలమో తెలిసి ఉండాలి.

మన దగ్గర ఒక మంచి కొలత పరికరం ఇప్పటికే ఉంది. అది గోడ మీద ఉన్న కరెంటు మీటరు. ఎలక్ట్రానిక్ మీటరులో ఒక చిన్న ఎర్ర లైటు మిణుకు మిణుకుమంటుంది, గమనించారా? ఊరికే వెలగదు అది. మీటరు మీద “3200 ఇంపల్స్” అని గాని, ఇంకో అంకె గాని ఉంటుంది. 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్ అయినట్టు. ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్ల వస్తువు గంట సేపు వాడటం. గంటకు 3600 సెకన్లు కాబట్టి యూనిట్‌లో 36 లక్షల వాట్-సెకన్లు ఉంటాయి. దాన్ని 3200తో భాగిస్తే ఒక్కో మిణుకుకు 1125. పది మిణుకులకు 11,250.

ఇక పని తేలిక. ఇంట్లో అన్నీ ఆపేసి, చూడదలచిన వస్తువు ఒక్కటే వేయండి. పది మిణుకులకు ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో చూడండి. 11,250ని ఆ సెకన్లతో భాగించండి. వచ్చినది వాట్లు. మా ఇస్త్రీ పెట్టెకు 15 సెకన్లు పట్టింది, అంటే 750 వాట్లు. దాని మీద రాసి ఉన్నదీ 750. మా పాత ఫ్యానుకు 144 సెకన్లు పట్టింది, అంటే 78 వాట్లు. మీ మీటరు మీద 3200 కాక ఇంకో అంకె ఉంటే 36 లక్షలను ఆ అంకెతో భాగించి, పదితో హెచ్చించుకోవాలి. ఒకటి నుంచి లెక్కపెట్టేటప్పుడు మొదటి మిణుకును సున్నాగా పెట్టుకోండి. నేను మొదటిసారి అక్కడే తప్పాను.

ఇందులో ఒక చిక్కుంది. లేబుల్ మీది వాట్లు 230 వోల్టుల దగ్గర చెప్పినవి. ఎండాకాలం సాయంత్రం మా ఊళ్ళో వోల్టేజీ అంత ఉండదు. ఇస్త్రీ పెట్టెలాంటి వేడి చేసే వస్తువులకు వోల్టేజీ నూటికి పది తగ్గితే వాట్లు నూటికి పంతొమ్మిది తగ్గుతాయి. అప్పుడు 750 వాట్ల పెట్టె 610 దగ్గర కనిపిస్తుంది. తక్కువ వచ్చిందని సంబరపడొద్దు. ఇస్త్రీ ఆలస్యమవుతుంది, అంతే.

ఫ్రిజ్‌కు మాత్రం ఈ మిణుకుల పద్ధతి పనికిరాదు. దాని కంప్రెసర్ కాసేపు నడుస్తుంది, కాసేపు ఆగుతుంది. నడుస్తున్నప్పుడు కొలిస్తే ఒక మాట, ఆగినప్పుడు కొలిస్తే ఇంకో మాట. రోజుల తరబడి కొలవాలి. రోజుల తరబడి ఇల్లంతా ఆపేస్తే మా నాయిన ఊరుకోడు. అందుకని మా డిపార్ట్‌మెంట్ ల్యాబ్ నుంచి ప్లగ్గుకు తగిలించే చిన్న ఎనర్జీ మీటరు ఒకటి సారును అడిగి తెచ్చుకున్నాను. సాకెట్‌కూ ఫ్రిజ్ ప్లగ్గుకూ మధ్య పెడితే ఎన్ని యూనిట్లు పోయాయో చూపిస్తుంది. ముందు దాన్నే అనుమానించాలి కదా. ఇస్త్రీ పెట్టె తగిలించి గోడ మీటరుతో సరిచూశాను. నూటికి ఒకటి రెండు కంటే తేడా రాలేదు.

మే రెండో వారంలో ఏడు రోజులు పెట్టాను. 6.1 యూనిట్లు. రోజుకు 0.87. లేబుల్ ప్రకారం 185ను 365తో భాగిస్తే రోజుకు 0.51 ఉండాలి. దాదాపు 70 శాతం ఎక్కువ! నెలకు 11 యూనిట్ల తేడా. ఆ పదకొండు లేకపోతే మాకు 207 కాదు, 196 వచ్చేది. దుకాణంలో నేను చెప్పిన అంకె అదే.

ఆ రాత్రి ఫిర్యాదు రాయడానికి కాగితం కూడా తీశాను. కంపెనీ మోసం చేసిందని నాకు రూఢి అయిపోయింది. కానీ రాయబోయే ముందు ఆ 185 ఎక్కడ నుంచి వచ్చిందో తెలుసుకోవాలనుకున్నాను. తెలుసుకున్నాక కాగితం మడిచి పెట్టేశాను.

ల్యాబులో ఫ్రిజ్‌ను 32 డిగ్రీల వేడిని లెక్కగా పెట్టుకుని, తలుపు మూసి పరీక్షిస్తారు. మా వంటగదిలో థర్మామీటరు పెడితే మధ్యాహ్నం 39. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలనుకుంటే, ల్యాబులో లోపలికీ బయటికీ తేడా 28 డిగ్రీలు, మా ఇంట్లో 35. గోడల గుండా లోపలికి దూరే వేడి ఈ తేడాను బట్టి ఉంటుంది కాబట్టి అక్కడే నాలుగో వంతు పెరిగింది. పైగా బయట వేడి పెరిగినకొద్దీ కంప్రెసర్ ఒక్కో యూనిట్‌తో బయటికి తోడే వేడి తగ్గుతుంది. అది రెండో దెబ్బ. ఇక తలుపు సంగతి. వాడలో కొత్త ఫ్రిజ్ మాది. చుట్టుపక్కల పిల్లలందరికీ చల్లటి నీళ్ళు మా ఇంట్లోనే. పొయ్యికి రెండడుగుల దూరంలో, గోడకు ఆనించి పెట్టాం. వెనక జాలీకి గాలి తగలదు. లోపలి నాబ్ చివరిదాకా తిప్పి ఉంది, ఎక్కువ చల్లదనం ఉంటే మంచిదని. మధ్యాహ్నం మిగిలిన వేడి కూర అలాగే లోపల పెడుతున్నారు.

ఫ్రిజ్‌ను ముందు గదిలోకి మార్చి, గోడకు జానెడు దూరం జరిపాం. నాబ్‌ను మధ్యకు తిప్పాం. మళ్ళీ ఏడు రోజులు కొలిస్తే 5.0 యూనిట్లు. అదీ మే ఎండల్లోనే. జూన్‌లో వచ్చిన బిల్లు 198. అమ్మ ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక పెట్టింది. ఆగస్టులో వానలు పడి ఇల్లు చల్లబడ్డాక మూడోసారి కొలిచాను. 3.9 యూనిట్లు, రోజుకు 0.56. పిల్లలు తలుపు తీస్తూనే ఉన్నారు.

0.56కూ 0.51కూ మధ్య తేడా నూటికి పది. ఈ పది తలుపు తీయడం వల్ల వచ్చిందా, వోల్టేజీ వల్లా, నా మీటరు వల్లా, లేక కంపెనీ కొంచెం తగ్గించి చెప్పుకుందా? మా ఇంట్లో కూర్చుని ఇది తేల్చడం నా వల్ల కాదు. లేబుల్ నిజమని నేను రుజువు చేయలేదు. అబద్ధమనడానికి మాత్రం నా చేతిలో ఆధారం లేకుండా పోయింది. దుకాణంలో నేను చేసిన తప్పు ఇప్పుడు తెలుసు. లేబుల్ మీది అంకె ఒక ఫ్రిజ్‌ను ఇంకో ఫ్రిజ్‌తో పోల్చడానికి పనికొచ్చేది. దాన్ని తీసుకుని మా ఇంటి ఏప్రిల్ బిల్లులో కలిపాను.

అలాగని కంపెనీలన్నీ నిజమే చెప్తాయనుకోకూడదు. 2010లో ఆస్ట్రేలియాలో చాయిస్ అనే వినియోగదారుల సంస్థ ఒక పెద్ద కంపెనీ ఫ్రిజ్‌లు రెండింటిని పట్టుకుంది. ల్యాబు పరీక్ష లాంటి పరిస్థితులు వచ్చాయని పసిగట్టి, అప్పుడు మాత్రం కరెంటు పొదుపుగా వాడే ఏర్పాటు వాటిలో ఉంది. ఇన్విజిలేటర్ వచ్చినప్పుడు మాత్రమే బుద్ధిగా కూర్చునే విద్యార్థిలా అన్నమాట. ఇంకొకచోట తప్పు పరీక్షదే. యూరప్‌లో వాక్యూమ్ క్లీనర్లను దుమ్ము సంచి ఖాళీగా ఉంచి పరీక్షించి లేబుల్ ఇచ్చేవారు. డైసన్ కంపెనీ కోర్టుకెళ్ళింది. ఖాళీ సంచితో పరీక్షిస్తే నిజమైన వాడకం తెలియదని 2018 నవంబరులో అక్కడి కోర్టు ఆ లేబుల్ నిబంధననే కొట్టేసింది.

ఇప్పుడు మన హాస్టల్ ఫ్యాన్ల దగ్గరికి వద్దాం. ఫ్యాను లేబుల్ ఫ్రిజ్‌ది లాంటిది కాదు. అందులో వాట్లు తక్కువుంటే చాలదు, గాలి కూడా రావాలి. నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి తోలుతుందో దాన్ని వాట్లతో భాగిస్తే వచ్చేది సర్వీస్ వాల్యూ. 2022లో తెచ్చిన పట్టిక ప్రకారం మామూలు 1200 మిల్లీమీటర్ల ఫ్యానుకు అది 4 ఉంటే ఒక స్టార్, 6 గాని అంతకు మించి గాని ఉంటే ఐదు స్టార్లు. మా ఇంటి 78 వాట్ల పాత ఫ్యాను 230 ఘనపు మీటర్లు తోలుతుందనుకున్నా 3 కూడా దాటదు, ఒక్క స్టారూ రాదు. 28 వాట్ల బీ.ఎల్.డీ.సీ. ఫ్యాను 220 తోలితే దాదాపు 7.9 వస్తుంది.

మన హాస్టల్‌కు కొత్త ఫ్యాన్లు వచ్చినప్పుడు వార్డెన్ మేడమ్ అనుమతితో ఒకదాన్ని చూశాను. ఒక స్టారుది, 52 వాట్లు, గాలి 215 అని ఉంది. ఎలక్ట్రీషియన్ అన్న దాని తీగకు మూడు పిన్నుల ప్లగ్గు తగిలించి, పైకి బిగించి, రెగ్యులేటరు లేకుండా పూర్తి వేగంతో అరగంట తిప్పాడు. 236 వోల్టుల దగ్గర 53 వాట్లు చూపించింది. వాట్ల మాట నిజమే. గాలి మాట? గాలి కొలవడానికి ప్రత్యేకంగా కట్టిన గది కావాలి, దాన్లో రెక్కల కింద అంచెలంచెలుగా గాలి వేగం కొలుస్తారు. అది మన డార్మిటరీలో అయ్యే పని కాదు. కాబట్టి ఫ్యాను లేబుల్‌లో సగమే మనం చూసుకోగలం. కంపెనీ అబద్ధమాడదలిస్తే ఆ రెండో సగంలోనే ఆడుతుందని నా అనుమానం. వాట్లు ఎవరైనా కొలుస్తారు కదా.

గీజర్ లేబుల్ గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దీన్ని చదువుకున్నవాళ్ళు కూడా పొరబడుతున్నారు. నీళ్ళు నిల్వ ఉండే గీజర్ మీది స్టార్లు నీళ్ళు కాచడానికి పట్టే కరెంటును చెప్పవు. కాచిన నీళ్ళు 24 గంటలు ఊరికే ఉంటే ఎంత వేడి పోతుందో, అంటే ఎంత కరెంటు వృథా అవుతుందో చెప్తాయి. ఒక బకెట్ నీళ్ళు, 15 లీటర్లు, 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు కాగాలంటే దాదాపు 0.44 యూనిట్ కావాల్సిందే. ఐదు స్టార్ల గీజరైనా అంతే, మనం దొంగచాటుగా బకెట్లో వేసే హీటర్ రాడ్ అయినా అంతే. (రాడ్ వేయడం తప్పు. షాక్ కొట్టి పోయినవాళ్ళున్నారు. నేనూ వేశాను గనుకే చెప్తున్నాను.) వాడే అరగంట ముందు వేసి వెంటనే ఆపేసేవాళ్ళకు గీజర్ మీది స్టార్లతో పెద్దగా పని లేదు.

ఏసీ లేబుల్ మీది యూనిట్లు సంవత్సరానికి 1600 గంటలు వాడతారన్న లెక్క మీద వేసినవి. ఇంతకంటే ఎక్కువ రాయను, మన ఇళ్ళకు ఏసీలు వచ్చాక రాసుకుందాం. కానీ దాని పట్టికలో ఒక విషయం అన్ని వస్తువులకూ వర్తిస్తుంది. 2018లో ఏసీకి ఐదు స్టార్లు రావాలంటే సామర్థ్యపు అంకె 4.5 చాలు. 2022 జులైలో వచ్చిన పట్టికలో 5.0 కావాల్సి వచ్చింది. పాత పట్టికలో ఐదు స్టార్లు తెచ్చుకున్న 4.5 ఏసీ 2022 పట్టికలో నాలుగు స్టార్లదే. ఫ్రిజ్‌ల పట్టిక కూడా 2023 జనవరిలో బిగించారు. అందుకే లేబుల్‌లో స్టార్ల కంటే ముందు, కింద చిన్న అక్షరాల్లో ఉండే కాలవ్యవధిని చూడండి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు మరీ చూడాలి. పాత స్టార్లు చూపించి కొత్త ధర చెప్పడం మామూలే. మోడల్ నంబరు రాసుకుని బీ.ఈ.ఈ. వెబ్‌సైటులోనో, వాళ్ళ స్టార్ లేబుల్ యాప్‌లోనో వెతికితే ఆ మోడల్‌కు నిజంగా ఎన్ని స్టార్లు ఇచ్చారో తెలుస్తుంది. స్టిక్కరు మీదొకటి, అక్కడొకటి ఉంటే ఆ వస్తువు కొనకండి.

కొలిచి చూశాక, ఇల్లు చల్లగా ఉన్న కాలంలో కూడా, లేబుల్‌కూ మీ అంకెకూ పొంతనే లేదనుకోండి. మొదట కంపెనీ సర్వీసు వాళ్ళను పిలిచి తలుపు రబ్బరు, గ్యాసు చూపించాలి. ఆ ఒక్క ఫ్రిజ్‌లోనే లోపం ఉండొచ్చు. అయినా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. లేబుల్ మీదే అనుమానమైతే బీ.ఈ.ఈ.కి రాయవచ్చు. మన రాష్ట్రంలో ఈ వ్యవహారాలు చూసేది రెడ్‌కో. లేబుల్‌ను సవాలు చేసి పరీక్ష కోరే వీలు కూడా నిబంధనల్లో ఉంది గాని, పరీక్ష ఖర్చు ముందు డిపాజిట్ చేయాలి. కూలి డబ్బుతో ఫ్రిజ్ కొన్న ఇల్లు ఆ డిపాజిట్ ఎక్కడ నుంచి తెస్తుందో నిబంధన రాసినవాళ్ళు ఆలోచించినట్టు లేదు. అందుకే ఫిర్యాదు ఒక్కరు కాకుండా, అదే మోడల్ కొన్న నలుగురు కలిసి, తేదీలు, రీడింగులు, గది వేడి రాసిన కాగితం జతచేసి పంపితే దాన్ని పక్కన పడేయడం కష్టం.

ల్యాబు మీటరు తిరిగి ఇచ్చేశాక, నా స్కాలర్‌షిప్ డబ్బుతో అలాంటిదే ఇంకొకటి కొన్నాను. ఈ వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు తెచ్చి వార్డెన్ మేడమ్‌కు అప్పజెప్తున్నాను. ఆఫీసు గది బీరువాలో ఉంటుంది. సెలవులకు ఇంటికెళ్ళే చెల్లెళ్ళు రిజిస్టర్‌లో సంతకం చేసి తీసుకుపోవచ్చు. దాంతోపాటు ఒక నోటు పుస్తకం కూడా పెట్టాను. వస్తువు పేరు, మోడల్, లేబుల్ మీది అంకె, మీరు కొలిచిన అంకె, ఆ రోజు గది వేడి రాయండి. మొదటి పేజీలో మా ఫ్రిజ్ ఉంది.